కట్టినవారి పేరు కూడా అచ్చు వేయండి

సంపాదకులు గారికి,

నమస్కారం. పోయిన వారం మీ జిల్లా పేజీలో మా దగ్గరి ఒక బడి వార్షికోత్సవం వార్త వేశారు. ఫొటో చక్కగా వచ్చింది. ఎనిమిది మంది ఆడపిల్లలు నడుముకు ఎర్రగుడ్డలు బిగించి, అట్టముక్కలతో చేసిన కొడవళ్ళు పట్టుకుని వరసగా నిలబడ్డారు. ఎడమ నుంచి మూడో పిల్ల మా మనవరాలు. ఫొటో కింద ఇలా రాశారు: ‘వెళ్దామొస్తావా అనే జానపద గీతానికి విద్యార్థినులు చేసిన నృత్యం అలరించింది.’

ఆ సాయంత్రం నేను ముందు వరసలోనే కూర్చున్నాను. మైకు దగ్గరున్న టీచరమ్మ ‘ఇప్పుడొక సూపర్ హిట్ సినిమా పాట’ అని చెప్పింది. బడిలో సినిమా పాట, తెల్లారేసరికి పత్రికలో జానపద గీతం. కట్టిన మనిషి పేరు రెండు చోట్లా లేదు. ఇంటికొచ్చాక ‘ఆ పాట ఎవరిదే?’ అని మా మనవరాల్ని అడిగాను. ‘యూట్యూబ్‌ది నానమ్మా’ అంది. పదకొండేళ్ళ పిల్ల, దాన్నని ఏం లాభం? ఎవరైనా చెబితే కదా తెలిసేది.

ఆ పాట ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’. దాన్ని రాసి, వరస కట్టి, కాలికి గజ్జె కట్టుకుని ఊరూరా పాడినవారు వంగపండు ప్రసాదరావు గారు. 1943లో పుట్టారు. ఆయన ఊరు పెదబొండపల్లి మా పార్వతీపురం మండలంలోనే ఉంది. 2020 ఆగస్టు 4న ఆ ఊళ్ళోనే కన్నుమూశారు. ఆ బడికి పిల్లల్ని తెచ్చే ఆటోల్లో కొన్ని ఆయన ఊరి మీదుగానే వస్తాయి. ఆ ఊరి గాలి పీల్చే పిల్లలకు కూడా ఆయన పేరు అందలేదంటే నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు. అందుకే ఇది రాస్తున్నాను. పొడుగైంది, ఏమీ అనుకోకండి.

జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో 34 ఏళ్ళు తెలుగు చెప్పి రిటైరయ్యాను. కాబట్టి ముందు అక్షరాల సంగతి. మీ విలేకరి ‘ఎల్దమొస్తవ’ను ‘వెళ్దామొస్తావా’ అని దిద్దారు. మంచి మనసుతోనే దిద్ది ఉంటారు. నేను కూడా కొత్తలో పిల్లల పుస్తకాల్లో ఇలాంటి మాటలన్నీ ఎర్రసిరాతో దిద్దినదాన్నే. తర్వాత తెలిసొచ్చింది. గురువుకు రెండు మాత్రలు, లఘువుకు ఒకటి చొప్పున మీరే లెక్క వేయండి. ఎల్-ద-మొస్-త-వ: రెండు, ఒకటి, రెండు, ఒకటి, ఒకటి. మొత్తం 7 మాత్రలు. వెళ్-దా-మొస్-తా-వా: అయిదూ గురువులే, 10 మాత్రలు. ఎక్కువైన ఆ మూడు మాత్రల్ని ఎక్కడ దాస్తాం? పైకి ఒకసారి చదివి చూడండి. ‘ఎల్ద’, ‘మొస్త’ అని మూడు మూడు మాత్రల నడక చెవికి తగులుతుంది, కాలు దానంతటదే కదులుతుంది. దిద్దిన మాటలో ఆ నడక లేదు, బరువుగా కూలబడిపోయింది.

ఇంకొకటి కూడా ఉంది. ‘వస్తావా, వెళ్దాం’ అని ఆ పాట అడగదు. ‘ఎల్దం’ ముందు, ‘వొస్తవ’ తర్వాత. అడిగే మనిషి కాలు అప్పటికే గడప దాటేసింది. మా ఊళ్ళలో సంతకైనా, తిరనాళ్ళకైనా పక్కింటి మనిషిని పిలిచే తీరు ఇదే. గుమ్మం ముందు నిలబడి ‘ఎల్దమొస్తవేటే’ అని కేకేసి, జవాబు కోసం ఆగకుండా నాలుగడుగులు వేస్తారు. పిలుపులోనే నడక ఉంది. అదే పిలుపును తీసుకుని ఆయన శ్రీకాకుళం కొండల వైపు పోరాటానికి పిలిచారు. వ్యావహారిక భాష కోసం జీవితమంతా ధారపోసిన గిడుగు రామమూర్తి గారిది మా ఉత్తరాంధ్రే. ఆయన పుట్టినరోజును, ఆగస్టు 29ని, ఏటా తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటూ మా మాటను ఇంకా దిద్దుతూ కూర్చోవడం న్యాయమా?

ఇక వరస సంగతి. వంగపండు గారి పాట ఎక్కడి నుంచి వచ్చిందో పుస్తకాల కంటే మా అమ్మ దగ్గరే నాకు బాగా అర్థమైంది. అమ్మకు అక్షరం ముక్క రాదు. వరి నాట్లను మా వైపు ఉభాలు అంటాం. ఉభాల రోజుల్లో అమ్మతో పాటు చేలోకి వెళ్ళేదాన్ని. ఆడవాళ్ళు పదిహేను మంది ఒక వరసగా మోకాలి లోతు బురదలో వంగి, ఎడమచేత్తో ఆకుకట్ట పట్టుకుని, కుడిచేత్తో నాటుకుంటూ వెనక్కి నడుస్తారు. ఒకావిడ పాట ఎత్తుకుంటుంది. ఆవిడ చరణం పాడుతున్నంతసేపూ మిగిలినవాళ్ళు ఊపిరి బిగపట్టి నాటుతారు. వంత వచ్చేటప్పటికి అందరి గొంతులూ ఒక్కసారి లేస్తాయి, అందరూ ఒక అడుగు వెనక్కి వేస్తారు. వంత ఎంత పొడవుండాలో నాటుకునే చెయ్యే చెబుతుంది. పాట ఆగిందా, వరస చెదిరిందే. ఒకావిడ ముందుకు, ఒకావిడ వెనక్కి అయిపోతారు. గట్టు మీద నిలబడ్డ కామందు కూడా ‘పాట ఆపకండే’ అనేవాడు. పాట అంటే పని అని నాకు అయిదారేళ్ళకే తెలుసు.

అలాంటి ఊళ్ళోనే ఆయన కూడా పెరిగారు. మా ప్రాంతంలో ఊడ్పుల పాటలొక్కటే కాదు. జముకుల కథ ఉంది. జముకును చంకన ఇరికించుకుని లోపలి తీగను మీటితే ‘భుం’ అని మోగుతుంది. కథకుడు ఒకరు, వంతలు ఇద్దరు, తెల్లవార్లూ కథ. తప్పెటగుళ్ళు ఉన్నాయి. గుండ్రటి రేకు గుళ్ళు గుండెకు కట్టుకుని, కాళ్ళకు గజ్జెలతో ఎగిరెగిరి వాయిస్తూ పాడతారు. ఏజెన్సీలో గిరిజనుల థింసా నాట్యం, ఊళ్ళల్లో వీధిభాగోతం. ఇవన్నీ పుట్టినప్పటి నుంచి చెవిలో పడుతున్న మనిషికి సంగీతం బడి వేరే అక్కర్లేదు. అయితే చెవిలో పడ్డ ప్రతి మనిషీ వంగపండు కాలేదు. ఆయన వాటిని విని ఊరుకోలేదు, వాటిలోకి తన కాలాన్ని దించారు.

1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనుల్ని కాల్చి చంపారు. మొండెంఖల్లులో గిరిజన సంఘం మహాసభకు వెళుతున్న జనం మీద భూస్వాముల మనుషులు జరిపిన కాల్పులవి. వంగపండు గారికి అప్పటికి 24 ఏళ్ళు. ఆ మంట గిరిజన రైతుల పోరాటమై శ్రీకాకుళమంతా అంటుకుంది. పార్వతీపురం అప్పట్లో శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేది. బొడ్డపాడు గుడిలో పూజారిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి గారు జముకుల కథను తీసుకుని, దేవుళ్ళ కథల చోట రైతుల కథ పెట్టి ఊరూరా పాడారు. 1969 డిసెంబరులో ఆయన్ని చంపేశారు. ఊరి వరసలో ఉద్యమం మాట చెప్పవచ్చని మా వైపు వాళ్ళకు దారి చూపింది పాణిగ్రాహి. ఆ దారిలో వచ్చినవారు వంగపండు. 1970లలో విప్లవ పాటల బృందం జననాట్యమండలితో కలిసి నడిచారు. గద్దర్ గారూ ఆయనా చెరో ప్రాంతం యాసను భుజాన వేసుకుని ఒకే వేదిక మీద పాడిన రోజులవి.

కానీ ఆయన పాట పెరిగింది చేలో, ఉద్యమంలో మాత్రమే అనుకుంటే ఒక ముక్క తప్పిపోతుంది. విశాఖపట్నంలో హిందుస్థాన్ షిప్‌యార్డులో ఆయన ఉద్యోగం చేశారు. మా పెద్దన్నయ్యదీ షిప్‌యార్డే. ఆయన మానేశాక చేరాడు కాబట్టి ఆయన్ని అక్కడ చూడలేదు. పాట మాత్రం అక్కడే ఉంది. నేను డిగ్రీ పరీక్షలకు విశాఖ వెళ్ళినప్పుడు మల్కాపురంలో అన్నయ్య అద్దెగదిలో దిగాను. రాత్రి షిఫ్టు నుంచి వచ్చి ఇద్దరు ముగ్గురు స్నేహితులు గదిలో చేరేవారు. అందులో ఒకాయన ఖాళీ క్యారేజీ గిన్నె బోర్లించి, దాని మీద వేళ్ళతో దరువేస్తూ, యంత్రం ఎలా నడుస్తోందో చెప్పే వంగపండు పాట ఎత్తుకునేవాడు. కార్మికుడి చెయ్యి కదిలితేనే యంత్రం కదులుతుందనే పాట. నాకు ఒళ్ళు జలదరించింది. ఎందుకంటే అది మా ఉభాల పాటే! మాటలు షిప్‌యార్డువి, మనుషులు మగవాళ్ళు, బురద చోట ఇనుము. కానీ ఒకరు ఎత్తుకోవడం, మిగిలినవాళ్ళు అందుకోవడం, పనికీ పాటకీ ఒకే ఊపిరి కావడం అదే. చేను వదిలి పొట్ట చేత పట్టుకుని విశాఖ చేరిన ఉత్తరాంధ్ర రైతుకూలీల బిడ్డలు ఆ పాటలో తమ అమ్మల గొంతు విన్నారని నా నమ్మకం. ఊరి వరస పట్నం చేరాక చచ్చిపోతుందని చాలామంది అంటారు. ఆయన చేతిలో అది చావలేదు సరికదా, ఇనుప ఫ్యాక్టరీలో కూడా కాలు నిలదొక్కుకుంది.

తర్వాత ‘భూమి భాగోతం’ కట్టారు. వీధిభాగోతం ఎలా నడుస్తుందో తెలిసినవాళ్ళకు ఆయన నేర్పు ఎక్కడుందో తెలుస్తుంది. భాగోతంలో పాత్ర వచ్చి ‘నేనెవరో తెలుసా’ అని తానే చెప్పుకుంటుంది, పక్కనున్నవాడు ఎదురు ప్రశ్న వేస్తాడు, మధ్యలో దరువు. ఆ చట్రంలో దేవుడి కథ చోట భూమి కథ పెట్టారు. ఒక్కో పాట కట్టే దశ నుంచి రాత్రంతా జనాన్ని కూర్చోబెట్టే ఆట కట్టే దశకు ఎదగడం చిన్న సంగతి కాదు.

నేను ఆయన్ని దగ్గరగా చూసింది ఒక్కసారే, బొబ్బిలిలో ఒక సభలో. కాలికి గజ్జెలు, నడుముకు బిగించిన పంచె. పాట ఎత్తుకోగానే నా పక్కన కింద కూర్చున్న కూలీ ఆడవాళ్ళు వంత అందుకున్నారు. ఆ పాట వాళ్ళు అంతకుముందు విన్నారో లేదో నాకు తెలియదు. రెండో చరణానికే వాళ్ళకు దారి దొరికిపోయింది. ఒకావిడ ఒళ్ళో పాలు తాగుతూ నిద్రపోతున్న పసిగుంట ఉంది. ఆవిడ వంత పాడుతూ ఆ గుంట వీపు మీద దరువేస్తోంది. గుంట లేవలేదు. ఆ చెయ్యి ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది.

బళ్ళో మేం వాగ్గేయకారులు అని పాఠం చెబుతాం. అన్నమయ్య, క్షేత్రయ్య, రామదాసు, త్యాగయ్య. పాటా తనదే, వరసా తనదే, గొంతూ తనదే అయినవాడు వాగ్గేయకారుడు అని నిర్వచనం రాయిస్తాం. ఆ నిర్వచనం ప్రకారం వంగపండు గారు నూటికి నూరు పాళ్ళు వాగ్గేయకారులు. ఏ కంపెనీ ఆయన వెనక లేదు, ఏ సభాగౌరవం కోసమూ ఆయన పాట ఎదురుచూడలేదు. 2017లో రాష్ట్ర ప్రభుత్వం కళారత్న పురస్కారం ఇచ్చింది. సంతోషం. కానీ అప్పటికే ఆ పాట మూడు నాలుగు దశాబ్దాలు జనం నోట్లో నానింది.

‘ఏం పిల్లడో’ పాట 1986లో వచ్చిన ‘అర్ధరాత్రి స్వతంత్రం’ సినిమాలోకి వెళ్ళింది. మన టీచరమ్మ సినిమా పాట అన్నది అందుకే కావచ్చు. సినిమాకు ఎన్నో ఏళ్ళ ముందే ఆ పాట సభల్లో మోగింది. జానపదం అని మీ విలేకరి రాయడానికీ కారణం ఉంది. ఊరి వరసలో, ఊరి మాటలో ఉంది కదా, ఎవరో ఎప్పుడో పాడుకున్న పాట అనుకుని ఉంటారు. చూడండి, ఎంత అన్యాయం జరుగుతోందో. పాట జనంలో ఎంత బాగా కలిసిపోతే కట్టినవాడి పేరు అంత త్వరగా చెరిగిపోతోంది. పాట బాగా కట్టినందుకు శిక్షా ఇది?

ఇది ఒక్క వంగపండు గారి విషయం కాదు. ‘బండెనక బండి కట్టి’ పాట ఎవరిదని అడగండి. పదిమందిలో తొమ్మిది మంది గద్దర్ అంటారు. 1979 నాటి ‘మా భూమి’ సినిమాలో ఆ పాట పాడింది గద్దర్ గారే. కానీ దాన్ని కట్టినవాడు బండి యాదగిరి, తెలంగాణ సాయుధ పోరాట కాలపు మనిషి. ‘ఊరు మనదిరా’ పాట గూడ అంజయ్య గారిదని తెలంగాణలో చదువుకున్నవాళ్ళకు తెలుసు, మా జిల్లాలో నా తోటి టీచర్లకే తెలియదు. అంజయ్య గారు 2016లో పోయారు, గద్దర్ గారు 2023 ఆగస్టు 6న పోయారు. ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు.

ఇది చెప్పినప్పుడల్లా ఒక మాట ఎదురొస్తుంది. ‘ప్రజాకవులు తమ పాట ప్రజలదే అన్నారు కదమ్మా, పేరు కోసం పాకులాడలేదు కదా, మీకెందుకీ తాపత్రయం’ అని మా తోటి రిటైరైన మాస్టారే అడిగారు. నేను చాలా ఆలోచించాను. ఎమర్జెన్సీ రోజుల్లో, ఆ ముందూ వెనకా, పాట కింద పేరు వేస్తే పోలీసులు ఇంటికొచ్చేవారు. పేరు దాచుకోవడం ప్రాణం దాచుకోవడమే. ఆ భయం ఉన్న కాలంలో పేరు లేకుండా తిరిగిన పాటను ఏ భయమూ లేని మనం కూడా పేరు లేకుండానే వాడుకుంటే దాన్ని గౌరవం అని ఎలా అంటాం? పాట మీద సొత్తు అక్కర్లేదన్నది కట్టినవారి ఇష్టం. వారి పేరు మరిచిపోవడం మన బద్ధకం. ఈ రెండింటినీ కలపకూడదు.

పేరు చెబితే పాట జనానికి దూరమవుతుందా? అందెశ్రీ గారిని చూడండి. బడి ముఖం చూడని మనిషి, పశువులు కాసుకున్న మనిషి. ఆయన పాట 2024 జూన్ 2న తెలంగాణ రాష్ట్ర గీతమైంది. ఆ పాట వచ్చిన ప్రతి చోటా ఆయన పేరు వస్తోంది. ఆయన 2025 నవంబరులో పోయినప్పుడు చిన్నపిల్లలు కూడా ‘మన పాట రాసిన తాత’ అన్నారు. వాళ్ళకు ఎవరో చెప్పారు కాబట్టి.

ఇప్పుడు నా ఇంటి సంగతి ఒకటి చెబుతాను. నా ఆవేశానికి అసలు కారణం అదే.

మా చిన్నమ్మకు 71 ఏళ్ళు. ఆవిడా చదువుకోలేదు. కొడుకు భవనాల పనికి చెన్నై వెళ్ళిపోయాక ఆవిడ ఒక పాట కట్టుకుంది. ఎవరో కట్టింది కాదు, తానే కట్టుకుంది. చోళ్ళు, అంటే రాగులు, విసురుకుంటూ, తిరగలి తిరుగుడుకు సరిపోయేలా. సంకురాత్రికి బస్సు దిగుతాడేమోనని రోడ్డు వైపు చూసే తల్లి పాట అది. రెండేళ్ళ కిందట ఎవరో ఇద్దరు కుర్రాళ్ళు కెమెరా, మైకు పట్టుకుని ఊళ్ళోకి వచ్చారు. పాటలు వచ్చినవాళ్ళెవరని అడిగారు. చిన్నమ్మ చేత పాడించుకున్నారు, రెండుసార్లు, మూడుసార్లు. చీర పెట్టి దండం పెట్టి వెళ్ళారు. ఆవిడ ఊరంతా చెప్పుకుని మురిసిపోయింది.

ఆరు నెలల తర్వాత చిన్నమ్మ పార్వతీపురం నుంచి ఆటోలో వస్తుంటే డ్రైవరు ఫోన్లో పాట మోగింది. తన గొంతు కాదు, ఎవరో కుర్రపిల్ల గొంతు, కింద కీబోర్డు, డ్రమ్ములు. మాటలు మాత్రం చిన్నమ్మవే. కొడుకు పేరు కూడా మార్చలేదు. ఇంటికొచ్చి నాకు ఫోన్ చేసి ‘నా పాట ఆళ్ళకేటెరుకే?’ అని అడిగింది. కోపం లేదు ఆ గొంతులో, ఆశ్చర్యం ఉంది. నేను వెతికి చూశాను. వీడియో కింద ‘పాత జానపదం, సేకరణ’ అని వాళ్ళ ఛానెల్ పేరు వేసుకున్నారు. లక్షల మంది చూశారు. చిన్నమ్మ పేరు ఎక్కడా లేదు. వాళ్ళకు రాస్తే జవాబు లేదు. ‘పోన్లేయే, పదిమంది ఇన్నారుగా’ అంటుంది చిన్నమ్మ. నాకు మాత్రం కడుపు రగిలిపోతోంది. ఆ పాట పాతదీ కాదు, జానపదమూ కాదు. మా తమ్ముడు చెన్నై వెళ్ళి తొమ్మిదేళ్ళు అయింది, పాట వయసు అంతే.

మా చెల్లెలి కొడుకు విజయనగరంలో వకీలు. వాణ్ణి అడిగితే చెప్పాడు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రిజిస్టరు చేయించుకోకపోయినా కట్టినవారికి హక్కు ఉంటుందట. కట్టినవారు పోయిన తర్వాతి ఏడాది మొదలు 60 ఏళ్ళు ఆ హక్కు వారసులకు ఉంటుంది. అంటే వంగపండు గారి పాటల మీద హక్కు 2080 చివరి దాకా నడుస్తుంది. హక్కులు ఇంకొకరికి అమ్ముకున్నా కూడా, ‘ఇది నా రచన’ అని చెప్పుకునే హక్కు మాత్రం కట్టినవారి దగ్గరే ఉంటుందని 57వ సెక్షన్ చెబుతోందట. 2012లో చట్టం సవరించి, సినిమాకో రికార్డుకో ఇచ్చిన పాట మీద రచయితకు రావలసిన రాయల్టీని ఎవరూ రాయించుకోకుండా కట్టుదిట్టం చేశారు. ఇన్ని రక్షణలు ఉన్నాయి. ‘జానపదం’ అనే ఒక్క ముద్ర వేస్తే అన్నీ ఎగిరిపోతాయి, ఎందుకంటే జానపదానికి హక్కుదారు ఎవరూ ఉండరని అందరి లెక్క.

నిజమైన జానపదం లేదని నేను అనడం లేదు. మా అమ్మ పాడిన సువ్విపాట ఎవరు కట్టారో మా అమ్మమ్మకూ తెలియదు. అది జానపదమే. దాని కింద ‘సేకరణ’ అని వేసుకోవచ్చు, పాడిన మనిషి పేరూ ఊరూ కూడా వేస్తే మర్యాద. కట్టిన మనిషి ఎవరో తెలిసిన పాట వేరు. వరస ఊరిదైతే ఊరిది అనండి, మాట మనిషిదైతే ఆ మనిషిది అనండి. పాట మారుతూ వచ్చి పాడినవాళ్ళు చరణాలు కలిపితే అది కూడా రాయండి. నాలుగు మాటలు ఎక్కువవుతాయి, అంతే కదా.

పేరుతో పాటు వరస గురించి కూడా ఒక మాట. అన్నమయ్య 1503లో పోయారు. ఆయన పాటలు రాగిరేకుల మీద చెక్కించారు కాబట్టి వేల సంకీర్తనలు మనకు దక్కాయి. ఆ రేకుల మీద రాగం పేరు ఉంది, వరస లేదు. ఆయన ఎలా పాడారో ఈ రోజు ఎవరికీ తెలియదు. మనం పాడుకుంటున్నవి రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారి వంటి పెద్దలు 20వ శతాబ్దంలో కట్టిన వరసలు. అప్పుడు రికార్డు చేసే సాధనం లేదు, ఏం చేస్తాం. ఇప్పుడు ప్రతి జేబులో ఫోనుంది. వంగపండు గారి పాటలు వందల్లో ఉన్నాయి. పుస్తకం ఎక్కిన పాటలు చదివితే మాటలు తెలుస్తాయి, ‘పిల్లడో’ దగ్గర ‘ఓ’ ఎంతసేపు సాగాలో, వంత ఎక్కడ అందుకోవాలో, డప్పు ఎక్కడ ఆగాలో పుస్తకం చెప్పదు. ఆయనతో కలిసి వంత పాడినవాళ్ళు, డప్పు కొట్టినవాళ్ళు మా జిల్లాల్లో ఇంకా ఉన్నారు. డెబ్భై దాటారు. వాళ్ళ దగ్గర కూర్చుని ఒక్కో పాటనూ వాళ్ళు పాడినట్టే రికార్డు చేసే పని ఆంధ్ర విశ్వవిద్యాలయమో, విశాఖ ఆకాశవాణి కేంద్రమో తలుచుకుంటే ఏడాదిలో అయిపోతుంది. తెలుగు విశ్వవిద్యాలయానికి వరంగల్లులో జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. అలాంటిది మా పార్వతీపురం మన్యానికీ కావాలి. 2022లో కొత్త జిల్లా ఇచ్చారు. ఆ జిల్లాలో ఇదొక పనిగా పెట్టుకోమని కలెక్టరు గారికి కూడా ఈ ఉత్తరం నకలు పంపుతున్నాను.

మీ నుంచి నేను కోరేది చిన్నది. ఆ వార్తకు ఒక సవరణ వేయండి: పాట పేరు ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’, రచన, బాణీ, గానం వంగపండు ప్రసాదరావు, పెదబొండపల్లి. ఇకముందు ఇలాంటి కార్యక్రమాల వార్తలు రాసేటప్పుడు ‘ఈ పాట ఎవరిది’ అని ఒక్క ప్రశ్న అడగమని మీ విలేకరులకు చెప్పండి. తెలియకపోతే ఫోన్ చేయమనండి. తెలిసినంత నేను చెబుతాను, నాకు తెలియనివి తెలిసినవాళ్ళను అడిగి చెబుతాను. బడి వాళ్ళను నేనే కలిశాను. హెడ్మాస్టరు గారు విని, ప్రార్థన సమయంలో పిల్లలకు ఆయన గురించి చెప్పమని నన్నే పిలిచారు. సోమవారం వెళ్ళి చెప్పాను. పాట మా మనవరాలి జట్టే పాడింది, దిద్దని మాటలతో.

ఈ ఉత్తరంతో ఒక కాగితం జతపరుస్తున్నాను. మా చిన్నమ్మ పాట అది, ఆవిడ చెబుతుంటే నేను రాసుకున్నది. ఆవిడ పలికినట్టే రాశాను, ఒక్క అక్షరం దిద్దలేదు. మీ ఆదివారం అనుబంధంలో చోటుంటే వేయండి. ఆవిడ పేరూ, ఇంటిపేరూ, ఊరూ కాగితం పైనే రాశాను. పాట కింద మూలకు కాకుండా, పాట పైన, కనపడేలా వేయండి. ఆవిడకు చదవడం రాదు కానీ తన పేరు చూసి గుర్తుపడుతుంది. రేషను కార్డు మీద చూసుకుంటూ నేర్చుకుంది.

భవదీయురాలు,
ఒక రిటైర్డ్ తెలుగు పండిట్,
పార్వతీపురం